అంగుళం తగ్గిన కంటె

ఊరి కంసాలి ఔసుల దత్తాత్రి మెరుగు పెట్టే వంకతో సాయవ్వ వెండి కంటెను అంగుళం కోసి దాచుకున్నాడని పక్కింటి కొండవ్వ అన్నదట. ఆమెకు ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు. నారాయణరావుపేటలో పొద్దెక్కేసరికి ఆ అంగుళం జానెడయింది.

ఆ పొద్దున సాయవ్వ, ఆమె పెనిమిటి భూపతి బెజ్జంకిలో చుట్టాల పెండ్లికి పోవాలి. బండి కట్టారు. ముందురోజే మెరుగుపెట్టించి తెచ్చుకున్న కంటెను సాయవ్వ మెడకు పెట్టుకుంటే కొక్కెం పడలేదు. రెండేళ్ల కింద చేయించిననాడు వదులుగా కూర్చున్న కంటె అది. భూపతి రెండు చేతులా గుంజినా లాభం లేకపోయింది. పెండ్లి బండి దత్తాత్రి కొలిమి ముందు ఆగింది.

"మెరుగు పెట్టుమంటే వెండే తింటివి గదయ్యా" అన్నాడు భూపతి.

దత్తాత్రి సాయవ్వను ఒకసారి చూసి తల దించుకున్నాడు. "తూకం ఏసుకోండ్రి."

చేసిననాటి తూకంతో సరిపోయింది. అక్కడితో ఆగవలసిందే గాని, కొండవ్వ కూడా వచ్చి ఉంది. "దేశదేశాల లడాయి దినాలల్ల వెండి ఏడ దొరుకుతది? సీసం కలిపి బరువు సరిజేసిండు" అంది. సీసం సంగతి తేల్చడానికి కంటె కొసను కోసి చూశారు. లోపలా వెండే. కాకపోతే కంటె ఇప్పుడు నిజంగానే చిన్నదయింది.

మధ్యాహ్నానికి ముగ్గురు ఆడవాళ్లు దత్తాత్రికిచ్చిన కడియాలు వెనక్కి తీసుకుపోయారు. ఔసులాయన బతికేది ఊరి నమ్మకం మీద. అది పోతే కొలిమి ఆర్పి ఇంకో ఊరు చూసుకోవలసిందే.

పంచాయతి చెప్పే రాజమల్లయ్య వచ్చాడు. "అందరి ముందర పెట్టి చూడుండ్రి" అన్నాడు. కొండవ్వ మెడకు కంటె చక్కగా పట్టింది. సాయవ్వ మెడకు పెట్టి భూపతి బలంగా నొక్కేసరికి ఆమెకు ఊపిరాడక కళ్లు తేలవేసింది. కంటె పీకేసి, ఆమెను పెండ్లి బండిలోనే సిద్దిపేట సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. "ఆమెకేమన్న అయితే నీదే పూచీ" అని రాజమల్లయ్య దత్తాత్రిని కూడా ఎక్కించాడు.

డాక్టరు కంటె కథ వినలేదు. సాయవ్వ చేతికి నీళ్ల గ్లాసిచ్చి మెడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె గుటక వేసినప్పుడల్లా గొంతు ముందర నిమ్మకాయంత గడ్డ పైకి లేచి కిందికి దిగింది. భూపతి దాన్ని చూడడం అదే మొదలు.

"గొంతు బొంగురుపోయిందా? ముద్ద మింగుడు పడుతలేదా? చేతులు వణుకుతున్నయా?"

అన్నింటికీ సాయవ్వ అడ్డంగా తల ఊపింది.

"ఎంత జల్ది పెరిగింది?"

భూపతి రాజమల్లయ్యను చూశాడు. రాజమల్లయ్య గోడను చూశాడు. మూల నిలబడ్డ దత్తాత్రి మెల్లగా అన్నాడు: "రెండేండ్ల కింద కంటె చేసిననాడు మెడ కొలత పదమూడు అంగుళాలు, సారు."

డాక్టరు టేపు పెట్టాడు. పద్నాలుగు.

"రెండేండ్లకు అంగుళం. గడ్డ మెత్తగున్నది, మెల్లగ పెరుగుతున్నది. ఇప్పటికి కత్తి వద్దు. నెలకోసారి కొలువుండ్రి. గట్టిపడ్డా, గొంతు మారినా, జల్దిన పెరిగినా పట్నం తోలుకపోయి కోయించాలె. కొలిచే పని మాత్రం ఈయనకే పెట్టుండ్రి. మీ అందరిల లెక్క తెలిసినోడు ఈయనొక్కడే."

తిరుగు బండిలో సాయవ్వ కొంగు మెడ చుట్టూ కప్పుకుంది. "ఇగ నెలనెల ఏ మొఖం పెట్టుకొని ఈయన కొలిమికాడికి పోవాలె?" అంది.

ఆ మాట తన మీదికి రాకముందే రాజమల్లయ్య దత్తాత్రి వైపు తిరిగాడు. "పొద్దుగాల చూసినప్పుడే నీకు సమజయిందా?"

"అయింది."

"మరి మెడనే పెరిగిందని అప్పుడే చెప్పద్దా? గింత లొల్లి అయ్యేదా?"

"మెడ పెరిగిందంటే మీల ఒక్కలన్న నమ్ముదురా, పటేలా? వెండి తిన్నడంటే ఊరంత నమ్మితిరి."