తుడిచేసిన అడుగులు

హోటల్లో గదులు తనిఖీ చేసే ఆ సూపర్‌వైజరు దిండు మీద ఒక్క వెంట్రుక కనబడినా గది మొత్తం మళ్లీ సర్దిస్తాడు. అలాంటి మనిషి ఆ ఉదయం కూతురి చేత ఇంట్లో మరకలు వేయించాలని నిర్ణయించుకున్నాడు. సెలవు రోజు, పైగా పరీక్ష రోజు.

భార్య నర్సు. చెప్పులేసుకుంటూనే తేల్చి చెప్పింది. "ఇవాళ నువ్వూ బుడంకాయా. సజావుగా గడిస్తే నీ సెలవులన్నీ దానివే. లేదంటే ఆ రోజుల్లో కూడా క్రెష్‌కే పంపిస్తాను."

బుడంకాయ వాళ్ల మూడేళ్ల పిల్ల. తండ్రి డ్యూటీకి వెళ్లేసరికి నిద్రలో ఉంటుంది, తిరిగొచ్చేసరికి మళ్లీ నిద్రలోనే ఉంటుంది. పిల్ల తనని చుట్టపుచూపుగా వచ్చినవాడిలా చూస్తోందని అతనికి లోలోపల బెంగ.

పిండిని జావలా కాచి, చల్లార్చి, వంటల్లో వాడే నీలం రంగు కలిపి పళ్లెంలో పోశాడు. హాల్లో పెద్ద కాగితం పరిచాడు. పిల్ల ఒక కాలు పెట్టింది, తీసింది, ఈసారి రెండూ పెట్టింది.

"ఎలా ఉందమ్మా?"

"చల్లగా ఉంది. వేళ్ల మధ్యలోకి వస్తోంది నాన్నా."

అని కిలకిలా నవ్వింది. ఆ నవ్వుకి మురిసిపోయి అతనూ పళ్లెంలో కాలు పెట్టాడు. అంతలో ఫోను మోగింది.

"అమ్మ మనింటికే వస్తోంది. వీధి మలుపులో ఉందట," అంది భార్య.

అత్తగారు చూసిందే తీర్పు. కాగితం చుట్టచుట్టి, గేటు దగ్గర చెత్తడబ్బాలో పడేసి పరుగున వచ్చాడు. చూస్తే ఇల్లంతా చిన్న చిన్న నీలం పాదాలు. ఇక ఉద్యోగబుద్ధి మేల్కొంది. లోపలి గదిలో మొదలుపెట్టి గుమ్మం దాకా తుడుచుకుంటూ వచ్చాడు. అడుగులు ఎటు వెళ్తున్నాయో చూడలేదు, ఎలా పోతాయో అదే చూశాడు. దారిలో బట్టల అర ముందు వంకరగా ఉన్న తెరని కూడా తిన్నగా లాగాడు.

నేల అద్దంలా మెరిసింది. అందులో పిల్ల మాత్రం లేదు.

పిలిస్తే పలకలేదు. మంచం కింద చూశాడు, తలుపుల వెనక చూశాడు. ఎటు వెళ్లిందో చెప్పే గుర్తు ఒక్కటైనా మిగలకుండా తుడిచింది తనే. అప్పుడే గంట మోగింది.

"పాపేది బాబూ?" అంది అత్తగారు.

"పడుకుందండి."

"ఈ వేళప్పుడా?"

ఇంతలోనే కింది వాటా మాస్టారు వచ్చాడు. "ఏమండీ, మెట్ల మీద నీలం అడుగులు. గేటు దాకా ఉన్నాయి," అన్నాడు.

"పాప రోడ్డు మీదకి వెళ్లిపోయింది అత్తయ్యగారూ," అంటూ పరుగెత్తాడు.

మాస్టారు వెనకే వచ్చి, కళ్లజోడు సర్దుకుని మెట్ల మీదకి వంగాడు. "కంగారు పడకండి. పసిపిల్ల పాదం ఇంతుంటుందా? మీ పాదం పక్కన పెట్టండి."

పెట్టాడు. అచ్చంగా సరిపోయింది. కాగితం పారేయడానికి వెళ్లింది తనే.

పైకొచ్చి, తలొంచుకుని జరిగిందంతా అత్తగారికి చెప్పేశాడు. క్రెష్ ఖాయం అనుకున్నాడు. ఆవిడ నేరుగా లోపలి గదిలోకి నడిచి, బట్టల అర తెర పక్కకి తీసింది.

వేలాడే చొక్కాల వెనక, అతని యూనిఫాం చొక్కా ఒకటి కిందకి లాక్కుని, దాని మీద ముడుచుకుని నిద్రపోతోంది బుడంకాయ.

"నేను క్రెష్ నుంచి తీసుకురాగానే రోజూ ఇది దూరేది ఇక్కడే," అంది ఆవిడ. "చొక్కా వాసన చూసి, నాన్న వచ్చాడు అంటుంది. మీకు తెలుసనుకున్నాను."

తన మీద ఇంత ప్రేమ ఆ అరలో రోజూ దాక్కుని కూర్చుంటోందని తెలియక, ఇన్నాళ్లూ ఊరికే బెంగపడ్డాడు. పిల్లని ఎత్తుకుని, ముఖం దాని జుట్టులో దాచుకున్నాడు.

అత్తగారు కూతురికి ఫోను చేసింది. "క్రెష్ వద్దులే. అయితే మీ ఆయన్ని తుడవనివ్వకు."

మర్నాడు హోటల్లో మేనేజరు అతని యూనిఫాం చొక్కా వీపు మీద రెండు చిన్న నీలం పాదాలు చూసి ఆగిపోయాడు. "ఈ మరక ఉతికితే పోదా?"

"పోతుంది సార్," అన్నాడు సూపర్‌వైజరు. "అందుకే ఉతకలేదు."