ఓడిపోతామని మాటిచ్చిన సైన్యం

ఒక పెద్ద అడవిలో యుద్ధాలు లేవు గానీ, యుద్ధం నేర్పే సర్కారీ సైనిక కళాశాల ఒకటి ఉండేది. దానికో మైదానం, మైదానం పక్కనే నడివేసవిలో కూడా ఎండని మడుగు, వీటన్నిటి మీదా ఒక పాలకమండలి. ప్రిన్సిపాల్ లేడు. ఎవర్ని వేయాలా అని మండలి ఇంకా ఆలోచిస్తోంది. ఆ ఆలోచన మొదలుపెట్టిన సభ్యుల్లో కొందరు కాలం కూడా చేశారు.

మండలి అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకేశ్వరరావు. ఆయన జన్మలో యుద్ధం చూడలేదు. తేనెపట్టు కోసం చెట్టెక్కి కిందపడితే నుదుటి మీద మచ్చ పడింది. అది చూసి అంతా ఆయన్ని మాజీ సైనికుడనుకునేవారు. ఆయనా కాదనేవాడు కాదు.

కార్యదర్శి నక్క జిత్తయ్య. యూనిఫారాల బాధ్యత నెమలి నీలకంఠానిది. అందరికంటే సీనియర్ తాబేలు కూర్మయ్య. ఆయన ఏ సమావేశానికీ అది ముగిసేలోగా చేరుకోలేదు కాబట్టి ఏ నిర్ణయంతోనూ ఆయనకి సంబంధం లేదు. మండలిలో అంత మంచిపేరు ఇంకెవరికీ లేదు.

ఇక చదువుకునేవాళ్ళు జింకపిల్లలు, కుందేళ్ళు, అడవిపంది కుర్రాళ్ళు. మండలివారు వచ్చేటప్పుడు వందనం, పోయేటప్పుడు వందనం, మధ్యలో కవాతు, ఇవన్నీ వాళ్ళకి కొట్టిన పిండి. యుద్ధం సంగతేమిటని అడిగితే, "సిలబస్‌లో ఉంది సార్, ఇంకా మొదలెట్టలేదు" అనేవాళ్ళు.

ఒక వేసవిలో జిత్తయ్య రొప్పుకుంటూ సమావేశానికి వచ్చాడు.

"కొంప మునిగింది! మృగరాజుగారు స్వయంగా తనిఖీకి వస్తున్నారు. ఈ కళాశాల ఎందుకు పనికొస్తుందో చూపించకపోతే మైదానం, మడుగూ తమ బావమరిది చిరుతగారికి రాసిచ్చేస్తారట."

భల్లూకేశ్వరరావు నోట్లోకి పోతున్న చెరుకుముక్క ఆగిపోయింది. కళాశాల పోతే మండలి పోతుంది. మండలి పోతే రోజూ మధ్యాహ్నం వచ్చే చెరుకూ తేనే పోతాయి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మన సత్తా చూపించాలంటే శత్రువుండాలి కదయ్యా!"

"మనకి శత్రువు లేడు. ఏ బడ్జెట్‌లోనూ అడగలేదు," అన్నాడు నీలకంఠం.

"లేకపోతే పిలిపిద్దాం," అన్నాడు జిత్తయ్య.

కొండ అవతల రేచుకుక్కల గుంపు ఒకటి ఉండేది. వాళ్ళ వాగు ఎండిపోయింది. గుంపు పెద్ద ఎర్రక్కకి కబురు పెడితే, పిల్లల్ని నీడన పడుకోబెట్టి ఆమె ఒక్కతే వచ్చింది.

"పని చాలా సులువు ఎర్రక్కా," అన్నాడు జిత్తయ్య. "రాజుగారి ముందు మీ గుంపు మా కళాశాల మీద దాడి చెయ్యాలి."

"చేసి?"

"ఓడిపోవాలి."

"అది మాకు అలవాటు లేదయ్యా. ఎట్లా చెయ్యాలో చెప్పండి, నేర్చుకుంటాం."

"ఏముంది, మావాళ్ళు కొట్టగానే పడిపోయి చచ్చినట్టు పడుకోవాలి. రాజుగారు వెళ్ళేదాకా లేవకూడదు. బాగా ఓడిపోతే ఈ వేసవంతా మా మడుగులో నీళ్ళు తాగొచ్చు."

ఎర్రక్క మడుగు వైపు చూసింది. "పొద్దున నా చిన్నది బురద నాకుతుంటే చూసొచ్చానయ్యా. నీళ్ళిస్తానంటే రాజుగారు మామీంచి నడిచిపోయినా కదలం. ఇది నా మాట. మీరు మాత్రం తప్పకూడదు."

"ఓడిపోతే నీళ్ళు. ఓడకపోతే చుక్క కూడా లేదు," అన్నాడు అధ్యక్షుడు మచ్చ తడుముకుంటూ.

తరవాత మండలి షరతులు పెట్టడం మొదలుపెట్టింది. దాడి ఫలహారాల వేళ కాకూడదు. పూలమొక్కల వైపు నుంచి రాకూడదు. మొరగవచ్చు గానీ మర్యాదగా మొరగాలి. ఎర్రక్క అన్నిటికీ తలూపింది.

"ఇది నాటకమని పిల్లలకి ఎవరు చెబుతారు?" అని అడిగింది.

"ఎవరూ చెప్పరు. ఇది గోప్యం," అన్నాడు జిత్తయ్య. ఈ ఒక్క విషయంలో మండలి ఏకగ్రీవంగా ఉంది. అప్పుడే గుమ్మం దాకా వచ్చిన కూర్మయ్య, ఏమిటో తెలుసుకోకుండానే తన సమ్మతి తెలియజేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. కుర్రాళ్ళు మైదానంలో బారులు తీరారు. దూరాన రాజుగారి పరివారం దుమ్ము కనిపించగానే నీలకంఠం పింఛం ఊపాడు. ఎర్రక్క గుంపు పూలమొక్కల్ని తప్పించుకుని, పళ్ళు బయటపెట్టి, మర్యాదగా మొరుగుతూ మైదానంలోకి దూకింది.

సైన్యం ఒక్క క్షణం చూసింది. తరవాత కాళ్ళకి బుద్ధి చెప్పింది. పారిపోయేటప్పుడు కూడా వరస చెదరలేదు, కుడి ఎడమ తప్పలేదు. శిక్షణ వృథా పోలేదని ఒప్పుకోవాల్సిందే.

ఎర్రక్క బిత్తరపోయింది. కొట్టేవాళ్ళే పారిపోతే ఓడేదెలా? గుంపంతా వాళ్ళ వెంటపడింది.

"ఆగండి నాయనా! ఒక్క దెబ్బ కొట్టి పొండి! మీకు పుణ్యముంటుంది!"

"నమ్మకండర్రోయ్! మాయమాటలు!" అని అరిచి ముందున్న జింక ఇంకాస్త వేగం పెంచింది.

ఇదంతా నాటకమని భల్లూకేశ్వరరావుకి తెలుసు. ఆయన కాళ్ళకి తెలియదు. పళ్ళు చూడగానే అవి ఆయన్ని చెట్టు మీదికి చేర్చేశాయి. నీలకంఠం అప్పటికే పైకొమ్మన ఉన్నాడు. జిత్తయ్య పక్కనే ఉన్న బొరియలో దూరాడు.

ఎర్రక్క మైదానమంతా వెతికింది. గేటు దగ్గర ఒక డిప్ప కనిపించింది. అప్పుడే వచ్చిన కూర్మయ్య తల లోపలికి లాక్కుని ఉన్నాడు.

"తాతా, నీ కాళ్ళు పట్టుకుంటా, నువ్వైనా ఒక్కటి కొట్టు!"

"అధ్యక్షులవారి అనుమతి లేనిదే కొట్టలేనమ్మా," అని వినిపించింది డిప్పలోంచి.

రాజుగారి పరివారం దగ్గరికి వచ్చేస్తోంది. ఎర్రక్కకి ఏడుపొచ్చింది. "కొట్టేవాళ్ళు లేకపోతే అది మన తప్పా? పడుకోండర్రా!" అంది. ఎక్కడివాళ్ళక్కడ నాలుకలు బయటపెట్టి పడిపోయారు.

మృగరాజు వచ్చి చూసి నిర్ఘాంతపోయాడు. మైదానం నిండా శత్రువుల శవాలు. తనవాళ్ళలో ఒక్కడికీ గాయమైన జాడ లేదు.

"భేష్! మన సైన్యమేది?"

"గెలిచి, విశ్రాంతికి వెళ్ళింది ప్రభూ," అన్నాడు భల్లూకేశ్వరరావు పైనుంచి. "మేం ఎత్తునుంచి పర్యవేక్షిస్తున్నాం."

"ఇంత సైన్యాన్ని పెట్టుకుని నేను ఊరికే కూర్చున్నానా! రేపే నది దాటి, అవతలి అడవినేలే పులి మీదికి దండయాత్ర. పాలకమండలి ముందు వరసలో నడుస్తుంది!"

చెట్టు మీంచి ఏదో జారిన చప్పుడైంది. అధ్యక్షుడు కింద ఉన్నాడు. నిజం చెబితే పదవి పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన ప్రాణం వైపు మొగ్గాడు.

"ప్రభూ, చిన్న సవరణ. మేం గెలవలేదు. ఓడిపోయాం."

"చిత్తుచిత్తుగా!" అని బొరియలోంచి జిత్తయ్య వంత పాడాడు.

మైదానంలో ఒక శవం చెవి కదిలింది.

"అబద్ధం ప్రభూ! ఓడిపోయింది మేమే!" అంది ఎర్రక్క, పడుకునే.

"శవాలు మాట్లాడకూడదు!" అన్నాడు జిత్తయ్య.

"నా పిల్లల నీళ్ళు పోతుంటే శవమైనా మాట్లాడుతుంది!"

"మేమే ఓడాం ప్రభూ!" అన్నాడు భల్లూకేశ్వరరావు. "మాలాగా ఓడినవాళ్ళు చరిత్రలో లేరు!"

"నాలుక ఎంత బయటపెట్టామో చూడండి ప్రభూ! ఇంకా ఎట్లా ఓడాలి?" అంది ఎర్రక్క.

గెలిచామని కొట్టుకునేవాళ్ళ తగవులు మృగరాజు చాలా తీర్చాడు. ఇలాంటిది ఇదే మొదలు. ఆయన మైదానంలోకి నడిచాడు. పడుకున్నవాళ్ళ మధ్య తిరిగాడు. ఒకడి కాలు తొక్కాడు. ఎర్రక్క తోక తొక్కి, కాసేపు తీయలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఒళ్ళు కదల్లేదు.

"ఎందుకు లేవవు?"

"మీరు వెళ్ళేదాకా లేవనని మాటిచ్చాను ప్రభూ. నీళ్ళ కోసం."

అడిగిన కొద్దీ కథంతా బయటికొచ్చింది. మృగరాజు మీసాలు దువ్వుకున్నాడు.

"ఇక్కడ సైనికులంటూ ఉంటే వీళ్ళే. మడుగు ఇక వీళ్ళది కూడా, ఈ వేసవికే కాదు, ఎప్పటికీ. ప్రిన్సిపాల్ ఎర్రక్క. అమ్మా, లేచి పిల్లల్ని తీసుకురా, నేను అటు తిరుగుతాను."

ఆయన అటు తిరగ్గానే ఎర్రక్క కొండవైపు పరిగెత్తిన పరుగు చూసి, పక్కనున్న చిరుతగారు మైదానం సంగతి ఇంక ఎత్తలేదు. దండయాత్ర సంగతి రాజుగారూ ఎత్తలేదు. నిజం చెప్పొద్దూ, నది దాటాలంటే ఆయనకీ భయమే.

"మరి మా మండలిని రద్దు చేస్తారా ప్రభూ?" అన్నాడు భల్లూకేశ్వరరావు.

"ఎలా చేస్తానయ్యా? వేసింది నేనే. రద్దు చేస్తే తప్పు నాదవుతుంది. పని మాత్రం మారుస్తాను."

అప్పటినుంచీ ఏటా తనిఖీ రోజున ఆ కళాశాల మీద పాలకమండలే దాడి చేస్తోంది. ఎర్రక్క నేర్పిన కుర్రాళ్ళు ఇప్పుడు నిలబడి ఉంటారు. ఒక్క కుందేలు ముందుకు అడుగేస్తే చాలు, అధ్యక్షుడు చెట్టు మీద, కార్యదర్శి బొరియలో. మడుగు ఒడ్డున నీళ్ళు తాగుతున్న రేచుకుక్క పిల్లలు అది చూసి పొర్లి పొర్లి నవ్వుతాయి. ఇంత సహజంగా నటించే శత్రువు ఏ రాజ్యంలోనూ లేడని మృగరాజు మండలికి ఏటా సన్మానం కూడా చేస్తున్నాడు.

నీతి: ఓడిపోవాలన్నా మాట మీద నిలబడాలి, పాలకమండలిలో కూర్చోవడానికి ఆ ఇబ్బందేమీ లేదు.