వాహనాల పద్దులో చిన్నది

పౌరులు రెండు రకాలు: పన్ను కట్టేవాళ్లు, పన్ను ప్రణాళిక వేసుకునేవాళ్లు. మొదటి రకానికి డబ్బు ఒక్కటే పోతుంది. రెండో రకానికి డబ్బుతోపాటు ఆదివారాలు కూడా పోతాయి. నాగరికత ముందుకు నడిచేది ఈ రెండో రకం వల్లేనని మా అన్నయ్య గట్టి నమ్మకం. ఆ రకంలో ఆయనకు ఇరవై రెండేళ్ల సర్వీసు ఉంది.

అన్నయ్య నీటి మీటర్ల విభాగంలో గుమస్తా. పెళ్లయిన ఏడాది 'ఖజానా' అనే సొంత లెక్కల సాఫ్ట్‌వేర్ కొన్నాడు. అట్టపెట్టె, మూడు డిస్కులు, ఇటుకంత పుస్తకం. అమ్మిన సంస్థ మూతపడి పదహారేళ్లయింది. దాని సహాయ కేంద్రం నంబరుకు ఫోన్ చేస్తే ఇప్పుడు ఒక పరుపుల దుకాణం వాళ్లు పలుకుతారు. (వాళ్ల సలహా కూడా బాగానే ఉంటుంది. అన్నయ్య రెండుసార్లు పాటించాడు.) ఖజానాకు తెలిసిన పన్ను రేట్లు ఏనాటివో. కొత్త రేట్లకూ వాటికీ ఉన్న తేడాను అన్నయ్య కాగితం మీద కూడి చేత్తో ఎక్కిస్తాడు. అలాంటప్పుడు మొత్తం చేత్తోనే వేసుకోవచ్చు కదా అని నేనోసారి అడిగాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఖజానా ఉన్న కంప్యూటర్ని మా వదిన 'పెద్దావిడ' అంటుంది. పెద్దావిడ ఉన్న గదిలో గట్టిగా తలుపు వెయ్యకూడదు. పెద్దావిడ నడుస్తుండగా మిక్సీ తిప్పకూడదు. తనకు జ్వరం వస్తే మాత్రం ఇంట్లో ఇన్ని జాగ్రత్తలు ఉండవని వదిన ఏడాదికోసారి గుర్తు చేస్తూ ఉంటుంది.

మూడో బిడ్డ పుట్టేవరకు అంతా సవ్యంగానే నడిచింది. ఖజానాలో 'సంతానం' పేజీకి ఉన్నవి రెండే గడులు. ఒకటి పెద్దమ్మాయి, రెండోది అబ్బాయి అప్పటికే ఆక్రమించారు. మూడో పేరు కొట్టగానే తెర మీద 'మూడవ సంతానము కొరకు తదుపరి కూర్పు వెలువడువరకు వేచియుండగలరు' అని వచ్చింది. బిడ్డ వయసు అప్పటికి ఆరు రోజులు. వేచియుండడం దానికింకా చేతకాదు.

తర్వాతి పేజీ 'వాహనాలు'. అన్నయ్యకు వాహనం లేదు, బస్సులోనే తిరుగుతాడు. అందుకని అక్కడ తొమ్మిది గడులు ఖాళీగా పడి ఉన్నాయి.

"ప్రస్తుతానికి దీన్ని ఇక్కడ పెడతానే. కొత్త కూర్పు రాగానే పిల్లల పేజీలోకి మార్చేస్తా" అన్నాడు వదినతో.

"మార్చకపోతే చూడు" అంది వదిన, ఒళ్లో బిడ్డను సర్దుకుంటూ.

కొన్న తేదీ గడిలో పుట్టిన తేదీ వేశాడు. కొన్న ధర గడిలో ఆసుపత్రి బిల్లు వేశాడు. రంగు దగ్గర ఏం వేశాడో వదినకు ఇప్పటికీ చెప్పలేదు. ఖజానా ఒక్క క్షణం ఆలోచించి, చిన్నదానికి ఏటా పదిహేను శాతం తరుగుదల మంజూరు చేసింది. దానివల్ల పన్నులో ఏటా ఒక జత చెప్పుల ఖరీదు మిగిలేది. ఆ లెక్కను యథాతథంగా పన్ను శాఖకు పంపేవాడు. కూడిక సరిపోయిన చోట సందేహించరాదన్నది శాఖ నిబంధన కాబట్టి వాళ్లూ కిమ్మనలేదు. తదుపరి కూర్పు మాత్రం రాలేదు.

అలా పదిహేడేళ్లు గడిచాయి. చిన్నదానికి వంతెనలంటే పిచ్చి. అగ్గిపుల్లలతో కట్టి, మీద ఇటుకలు పెట్టి చూస్తుంది. ఈ ఏడు దానికి వంతెనల ఇంజనీరింగులో సీటు వచ్చింది. పన్ను కట్టేవారి మీద ఆధారపడిన సంతానానికి ఆ కాలేజీలో సగం ఫీజే. సగమైతే అన్నయ్య ఎలాగో కట్టగలడు. పూర్తి ఫీజంటే సీటు వదులుకోవాల్సిందే. ఆధారపడి ఉన్నట్టు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చి, శుక్రవారం సాయంత్రం ఐదు లోపు ఫీజు కట్టాలి.

శుక్రవారం ఉదయమే వెళ్లాం. అన్నయ్య, చిన్నది, సాక్షిగా నేను. 'ఆధారితుల నిర్ధారణ' అని బోర్డున్న కిటికీ దగ్గరికి మా వంతు వచ్చేసరికి మూడున్నర దాటింది. అధికారిణి చాలా మర్యాదస్తురాలు. (మర్యాదగా మాట్లాడే అధికారి దగ్గర పని త్వరగా కాదని నాకు అనుభవం.)

"మీ పేరు మీద ఇద్దరు పిల్లలు, ఒక వాహనం ఉన్నాయండి" అంది ఫైలు చూసి.

"ఇదేనండి ఆ మూడోది" అంటూ అన్నయ్య చిన్నదాన్ని ముందుకు నెట్టాడు.

"వాహనాలు లోపలికి తీసుకురాకూడదండి."

అన్నయ్య జనన ధ్రువపత్రం తీశాడు. ఆవిడ రెండువైపులా తిప్పి చూసింది. "ఒక పాప పుట్టిందని ఇందులో ఉంది. ఆ పాప, ఈ వాహనం ఒకటేనని ఎక్కడా లేదండి."

అన్నయ్య దీనికీ సిద్ధపడే వచ్చాడు. సంచిలోంచి నూట పన్నెండు పేజీల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. పిల్లల గురించి ఖజానా పేరు, పుట్టిన తేదీ తప్ప ఏమీ అడగదు. వాహనం విషయంలో అలా కాదు, ప్రతి ఖర్చుకూ కారణం రాయాలి, లేకపోతే పేజీ మూసుకోదు. అందుకని పెద్దవాళ్లిద్దరి పదిహేడేళ్లూ రెండు లైన్లలో ఉన్నాయి. చిన్నదాని పదిహేడేళ్లు ఈ కట్టలో ఉన్నాయి. ఆవిడ పైకి చదవడం మొదలుపెట్టింది.

"ఇంధనం: పాలపొడి, రెండు డబ్బాలు. టైర్ల మార్పిడి: బడి బూట్లు, వచ్చే ఏటికి కూడా సరిపోయేలా ఒక సైజు పెద్దవి. ముందు దీపాలు: కళ్లజోడు, ఎరుపే కావాలని ఏడ్చింది. ప్రమాదం: మెట్ల మీంచి పడింది, గడ్డానికి మూడు కుట్లు. తప్పు నాదే, చెయ్యి వదిలాను."

చిన్నది గడ్డం తడుముకుంది. "నేనే పరిగెత్తి పడ్డానన్నావుగా నాన్నా?"

"మీ అమ్మకు అలా చెప్పానులే" అన్నాడు అన్నయ్య నేల చూపులు చూస్తూ. ఈ మనిషిని ఇన్నేళ్లు పిచ్చివాడి కింద జమకట్టినందుకు సిగ్గేసింది.

అధికారిణి నూట పన్నెండు పేజీలూ తిరగేసి, కట్ట సర్ది, పెన్ను తీసింది.

"నా సర్వీసులో చాలామంది తండ్రుల్ని చూశానండి. కన్నబిడ్డ ఖర్చు ఇంత శ్రద్ధగా రాసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. అందువల్ల ఇది వాహనమేనని నిర్ధారిస్తున్నాను."

"అమ్మా, అది నా కూతురు!" అని అరిచాడు అన్నయ్య. ప్రభుత్వ కిటికీ దగ్గర ఆయన గొంతు లేవడం నేను అదే మొదటిసారి వినడం.

"అర్థమవుతుందండి. చాలామంది తమ బండి గురించి అలాగే చెప్తారు."

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. చిన్నది పొద్దుటి నుంచీ వరుసలో నిలబడి గోడ మీది నోటీసులన్నీ చదివేసింది. "మేడమ్, పదిహేనేళ్లు దాటిన బండిని తుక్కు కింద అప్పగిస్తే ఏమైనా వస్తుందాండి?" అని అడిగింది.

వస్తుంది. పాత వాహనాల నిర్మూలన ప్రోత్సాహకం కింద పక్క కిటికీలో అప్పటికప్పుడే చెక్కు ఇస్తారు. చిన్నది వేళ్ల మీద లెక్క వేసింది. సగం ఫీజు మా దగ్గర ఉంది, మిగతా సగానికి ఆ చెక్కు సరిపోగా, బస్సు ఛార్జీలు కూడా మిగులుతాయి.

తుక్కు అప్పగింత పత్రం అన్నయ్య ముందుకు వచ్చింది. ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "నా వల్ల కాదమ్మా. నిన్ను తుక్కని నా చేత్తో నేను సంతకం పెట్టలేను."

"కాగితం మీదే కదా నాన్నా. పదిహేడేళ్ల నుంచి బండినే కదా, ఇప్పుడు కొత్తగా బాధేంటి? ఐదు కొడితే సీటు పోతుంది. పెట్టు" అంది చిన్నది. గొంతు మామూలుగానే ఉంది. కళ్లజోడు మాత్రం తీసి తుడుచుకుంది.

అన్నయ్య పెన్ను మళ్లీ తీసుకున్నాడు. సంతకం గడి దాటకూడదని అధికారిణి మర్యాదగా హెచ్చరించింది. మొదటి పత్రం పాడైంది, రెండోదాని మీద ఎలాగో పెట్టాడు. పక్క కిటికీలో చెక్కు తీసుకునేసరికి నాలుగున్నర. కాలేజీ రెండు వీధుల అవతల ఉంది.

"మరి దీన్ని నాతో తీసుకెళ్లొచ్చాండి?" అని అడిగాడు అన్నయ్య, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని.

ఆవిడ నిబంధనల పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదివింది. "నిజానికి తుక్కును ఇక్కడే వదిలి వెళ్లాలండి. కానీ మా గోదాము నిండిపోయింది. తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా మీ ఇంట్లోనే భద్రంగా ఉంచండి."

మేం గుమ్మం దాటుతుండగా వెనక నుంచి పిలిచి చెప్పింది: "నిల్వ ఉంచినందుకు శాఖ అద్దె ఇవ్వదండి."