ఏసోబు ఎవరి మనిషి

శావల్యాపురం దగ్గరి ఊళ్ళో ఉండే ఏసోబు ఆ ఉదయం అనుకున్నది ఒక్కటే. నరసరావుపేట వెళ్ళి, లోకల్ ఛానల్ చర్చలో తమ వీధికి మంచినీళ్ళు రావడం లేదని చెప్పి, మధ్యాహ్నానికి తిరిగి రావాలి. వేసవి మొదలవగానే వీధి కుళాయి ఎండిపోయింది. అధికార పక్షం నాయకుడు బ్రహ్మాజీ పంపే ట్యాంకరే దిక్కు. అదీ ఆయన మనసును బట్టి.

"పెద్దోళ్ళ మధ్యన నోరు జారమాకయ్యా," అంది భార్య మరియమ్మ, చొక్కా అందిస్తూ.

"నీళ్ళ గురించేగా. అందులో జారేదానికేముంది?"

స్టూడియో అంటే ఫంక్షన్ హాలు పైన ఒక గది. అధికార పక్షానికి ఒక కుర్చీ, ప్రతిపక్షానికి ఒక కుర్చీ, మామూలు జనానికి చివర్లో స్టూలు. ప్రతిపక్షం నుంచి రావలసిన వాళ్ళ ఊరి పున్నారావు రాలేదు. లైవ్ మొదలయ్యే వేళకు యాంకర్ వనజ కంగారుపడింది.

"ఏసోబు గారూ, ఆ కుర్చీలోకి రండి. ఖాళీగా ఉంటే స్క్రీన్ మీద బాగోదు."

కూర్చోమన్న చోట కూర్చోవడం ఏసోబుకు చిన్నప్పటి నుంచి అలవాటు. వెనక ప్రతిపక్షం రంగు పరదా వేలాడుతోంది. తెర మీద అతని ముఖం కింద, పున్నారావు కోసం సిద్ధం చేసిన 'ప్రతిపక్ష నాయకుడు' అన్న అక్షరాలు పడ్డాయి. అవి అతనికి కనపడవు.

అధికార పక్షం ప్రతినిధి వేలు చూపించాడు. "కిందటి ఐదేళ్ళు మీరేం చేశారో ముందది చెప్పండి."

"కూలికి పోయానండి. మధ్యలో కాలు విరిగి ఇంట్లో పడున్నా."

"చూశారా, ఎట్లా దాటేస్తున్నారో."

నీళ్ళ మాట ఎత్తేలోగా చర్చ ముగిసింది.

అతను బస్సు దిగేసరికి ట్యాంకర్ వీధి మొదట్లోనే వెనక్కి తిరుగుతోంది. పక్కనే బ్రహ్మాజీ నిలబడి ఉన్నాడు.

"ఏరా, నా నీళ్ళు తాగతా ఆళ్ళ కుర్చీలో కూకున్నావా?"

"ఆమె కూకోమందన్నా."

"అయితే పో, నీళ్ళు కూడా ఆళ్ళనే అడుగు."

ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఇళ్ళకు మళ్ళారు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఏసోబుకు అనిపించింది.

సాయంత్రం పున్నారావు కండువా పట్టుకుని వచ్చాడు.

"నేను రాకపోయినా మన కుర్చీ నిలబెట్టావు బాబాయ్. ఇది కప్పుకో, ఫోటో దిగుదాం."

"ట్యాంకర్ పంపుతావా?" అని మరియమ్మ అడిగింది.

"మన ప్రభుత్వం రానీ పిన్నీ."

ఏసోబు కండువా మడతపెట్టి తిరిగి ఇచ్చేశాడు. పున్నారావు మొహం నల్లబడింది. చీకటి పడేలోగా, బ్రహ్మాజీయే కావాలని తమ కుర్చీలో తన మనిషిని కూర్చోబెట్టాడని ఊరంతా చెప్పాడు.

ఛానల్ వాళ్ళకు ఇది తెలిసి, మరుసటి వారం ప్రత్యేక చర్చ పెట్టారు. ఆ వారమంతా వీధి జనం పొలాల్లోని బోరు దాకా బిందెలు మోశారు. చర్చకు నాయకులిద్దరినీ పిలిచారు గానీ ఏసోబును పిలవలేదు. మొగుడూ పెళ్ళాలు పక్కింటి గుమ్మంలో నిలబడి టీవీ చూశారు.

"ఏసోబు మీ మనిషేనా?" అని వనజ అడిగింది.

"కానే కాదు," అన్నాడు బ్రహ్మాజీ.

"మా మనిషి అసలే కాదు," అన్నాడు పున్నారావు.

"మరి ఆ వీధికి నీళ్ళు?"

"మనవాళ్ళు కాని చోట మనకేం పని?"

"ఈ ఒక్క విషయంలో బ్రహ్మాజీ గారితో ఏకీభవిస్తున్నా."

ఇద్దరూ చేతులు కలిపారు. మరియమ్మ బిందె చంకనెత్తుకుని బోరు దారి పట్టింది.

ఇరుపక్షాలను ఏకం చేసిన తొలి చర్చ తమదేనని తెర కింద ఛానల్ వాళ్ళ అక్షరాలు పరుగెడుతూనే ఉన్నాయి.