చెరువు కింద ఆకాశం

ఆ ఆదివారానికి ఉదయ్ భాస్కర్ మూడు పనులు పెట్టుకున్నాడు. ఏడింటికి గూడెం చెరువు మీద మంచు చూడాలి. తొమ్మిదిన్నరకు మణుగూరు బస్టాండులో ప్రసూనను బండి ఎక్కించుకోవాలి. పదింటికి తన క్వార్టర్‌లో ఆట మొదలుపెట్టాలి.

అతను బొగ్గు గని సర్వే విభాగంలో పటాలు గీస్తాడు. మూడేళ్లుగా ఇంట్లో ఒక ఆట రాస్తున్నాడు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్లు అందులో మనుషులై మాట్లాడతారు, ఏం జరిగేదీ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఈ కథలో ఒక చెరువు అడుగున నేలకు బదులు ఆకాశం ఉంటుంది. నక్షత్రాలకన్నా ముందు పుట్టినదొకటి అక్కడ నిద్రపోతుంటుంది. కొరివిదయ్యాలు దివిటీలతో గట్టు మీద తిరిగి దాన్ని లేపుతాయి. లేచినదాన్ని చూసినవాళ్లకు మతి పోతుంది.

ప్రసూన హైదరాబాద్‌లో ఇలాంటి ఆటలు అచ్చు వేస్తుంది. మొదటి నుంచి చివరి దాకా ఆడగా చూస్తేనే వేస్తానంది. నాలుగింటి బస్సుకు వెళ్లిపోతానని కూడా అంది.

మంచులో చెరువుకు అవతలి గట్టు లేదు. కొంగ ఒకటి నీటిలో నిలబడిందో, ఆకాశంలో నిలబడిందో ఉదయ్‌కు తేలలేదు. దాన్నే చూస్తూ గట్టు మీది నాగక్క హోటల్లో రెండు చాయ్‌లు తాగాడు. బెంచీ మీద పటం మరిచిపోయి బండెక్కాడు.

నాగక్క పటం విప్పింది. అది కథ కోసం గీసిందే. కానీ ఉదయ్ చేతికి పటం గీయడం ఒక్క తీరుగానే వచ్చు. ఉత్తరం బాణం, స్కేలు, నంబర్లు వేసిన హద్దురాళ్లు అన్నీ ఉన్నాయి. చెరువు నడుమ నల్ల వలయం, పక్కన 'ఇక్కడ నేల తెరుచుకుంటుంది' అని రాత. కింద 'మూడో రోజుకు ఊరు ఉండదు' అని ఇంకో రాత. ఇలాంటి కాగితం తర్వాత గని వస్తుందని, ఊరు పోతుందని గూడేనికి తెలుసు. నాగక్క ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టింది.

ఎనిమిదిన్నరకు ఒకాయన నాగక్కకు ఫోన్ చేసి, గని తవ్వితే మట్టి తోలడానికి తన లారీలే పెట్టాలన్నాడు. తొమ్మిదికి ఇంకొకాయన నిర్వాసితుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఖమ్మం నుంచి వస్తున్న ముగ్గురు ఆటగాళ్లు చేతులు మారి వచ్చిన ఆ ఫోటోను ఇల్లెందు దగ్గర చూసి, గూడెంలో గొడవవుతుందని కారు వెనక్కి తిప్పారు. ఊరిపెద్ద సీతయ్య గ్రామసభ పిలిచాడు. పంచాయతీ కార్యదర్శి కిషన్‌లాల్, ఆదివారమని గొణుగుతూనే, రిజిస్టర్ పట్టుకొచ్చాడు.

పటం కోసం ఉదయ్ ప్రసూనను వెంటబెట్టుకుని వచ్చేసరికి చెరువుగట్టున నూటయాభై మంది కూర్చుని ఉన్నారు.

"ఏంది సారూ గిది?" నాగక్క పటం ఎత్తి చూపింది. "పొద్దుగాల చాయ్ తాగుకుంట చెరువు దిక్కే చూస్తుంటే, పాపం ఇంట్ల ఏదో బాధ ఉన్నదనుకున్న. కొలుస్తున్నవా?"

"ఇది ఆట, నాగక్కా. గనితో సంబంధం లేదు."

"మా ఊరు పోవుడు నీకు ఆటనా?"

"ఊరు కాదు, కథ. చెరువు కింద ఒకటి ఉంటుంది..."

"బొగ్గేనా?" అన్నాడు సీతయ్య.

"కాదు. నక్షత్రాలకన్నా పాతది."

"బొగ్గు గూడ కోట్ల ఏండ్లదని చెప్పే తీస్కపోయిన్రు. ఆటయితే ఆడి చూపియ్యి బిడ్డా. గప్పటిదాంక పటం ఇయ్య."

ప్రసూన గడియారం చూసుకుని గోనెసంచి మీద కూర్చుంది.

ఉదయ్ మొదలుపెట్టాడు. మంచు అప్పుడే విడిపోతోంది. అవతలి గట్టు మీద దివిటీలు కదిలాయన్నాడు. జనం అటు తిరిగారు. నీళ్లు రెండుగా తెరుచుకున్నాయన్నాడు, అడుగున చుక్కలు కనిపించాయన్నాడు. జనం నీళ్ల వైపు మెడలు చాచారు. కొంగ కూడా చాచింది.

"అది కన్ను తెరిచింది. ఇప్పుడు మీరేం చేస్తారు?"

"గ్రామసభ తీర్మానం ఉన్నదా అని అడుగుత," అంది నాగక్క.

"దానికి మనుషుల మాట వినపడదు."

"ఆఫీసులల్ల గూడ గంతే. రాసిస్తం."

"చూసినవాళ్లకు మతి పోతుంది."

"పట్టాల కోసం ఇరవై ఏండ్లు తిరిగినం," అన్నాడు సీతయ్య. "పోయేది గప్పుడే పోయింది."

పది దాటితే అది పడుకుంటుందని చెప్పి ఉదయ్ ఇచ్చిన పాచికను నాగక్క వేసింది. మూడు పడింది.

"అది లేచింది," అన్నాడు ఉదయ్.

"గీ గోలీ చెప్తే అయితదా? అది లేవద్దన్నోళ్లు చేతులెత్తుండ్రి!" అంది నాగక్క.

నూటయాభై చేతులు లేచాయి. "కోరం ఉన్నది," అన్నాడు కిషన్‌లాల్.

ఉదయ్ తన నియమాల పుస్తకం తిరగేశాడు. మూడేళ్ల రాతలో దీనికి జవాబు లేదు. ప్రసూన బ్యాగు సర్దుకుంటోంది. అతను పుస్తకం మూశాడు.

"అది కన్ను మూసుకుంది," అన్నాడు. "మళ్లీ నిద్రపోయింది."

కాసేపు ఎవరూ చేతులు దించలేదు.

ప్రసూన లేచి నిలబడింది. "ఆటలో పాచిక తీసేయండి, చేతులు ఉంచండి. అచ్చు వేస్తాను."

నాగక్క పటం మడిచి ఉదయ్ చేతిలో పెట్టింది. జనం లేవబోతుంటే కిషన్‌లాల్ ఆపాడు. "కూసోండ్రి. రిజిస్టర్ తెరిచినంక ఉత్తగ మూస్తే ఆడిట్ల నన్ను అడుగుతరు."

నక్షత్రాలకన్నా పాతదైన జీవికి చెరువు కింద నేల తెరవడానికి అనుమతి నిరాకరిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించారు. సీతయ్య వేలిముద్ర వేశాడు. ఒక కాపీ మండల ఆఫీసుకు వెళ్లింది. ఇంకొక కాపీని, ఎదుటి పక్షానికి అందజేయడం నియమం కాబట్టి, కిషన్‌లాల్ రాయి కట్టి చెరువులో వేశాడు.

రసీదు ఇంకా రాలేదు.