ఎవరూ చెరపని రికార్డు

వారపు సెలవు కదా, బాల్కనీ గ్రిల్లుకు రంగు వేసేద్దామని మెకానిక్ పొద్దున్నే డబ్బా మూత తీశాడు. బ్రష్షు ముంచేలోపే లోపల ఫోన్ మోగింది. భార్య ఎత్తింది. ప్రాంతీయ ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు. క్లబ్ ఆటలో ఆయన పేరున ఉన్న రికార్డును ఇంతవరకూ ఎవరూ చెరపలేదట, సాయంత్రం సన్మానమట.

బస్సు డిపోలో చేరకముందు అతను ఒక క్లబ్బుకు చాలా ఏళ్ళు డిఫెండర్‌గా ఆడాడు. ఆ రికార్డేమిటో అతనికి తెలుసు. తన జట్టు గోల్లోకే తాను పంపిన బంతులు, పదిహేడు. ఆ సంగతి భార్యకు ఏనాడూ చెప్పలేదు. "బంతి తన్నుకునేవాడికి పిల్లనిస్తామా" అన్న అన్నగారిని ఎదిరించి అతన్ని చేసుకుంది ఆమె.

"అది చెప్పుకునే రికార్డు కాదే."

"మిమ్మల్నెవరు చెప్పుకోమన్నారు? వాళ్ళే చెప్తారు." అప్పటికే అన్నగారికి ఫోన్ కలిపేసింది.

బావ మధ్యాహ్నానికల్లా పెద్ద ఫ్లెక్సుతో దిగాడు. దాని మీద చెల్లెలి ఆల్బంలోని పాత ఫోటో. మెకానిక్ గాల్లో ఉన్నాడు, బంతి వలలో ఉంది. పక్కన తల పట్టుకున్న గోల్‌కీపర్ మెకానిక్ జట్టువాడే.

"బావా, ఆ బంతి మా వైపే వెళ్ళింది."

"మీ వైపు కాక అవతలివాళ్ళకి ఇచ్చేస్తారా? నాకు ఆట తెలియకపోవచ్చు, ఆ మాత్రం లెక్క తెలుసు." బావ గొంతు తగ్గించాడు. "ఇన్నేళ్ళూ నోటికొచ్చింది అన్నాను. మనసులో పెట్టుకోకు బావా."

ఆ క్షమాపణ విన్నాక బావతో ఇక వాదించబుద్ధి కాలేదు మెకానిక్‌కు. కబురు డిపోకు పాకింది. మేనేజరు ఖాళీ బస్సొకటి ఇచ్చి, తనే ముందు సీట్లో కూర్చున్నాడు.

"సార్, అది సిగ్గుపడాల్సిన రికార్డు."

"సిగ్గు గొప్పవాళ్ళకే ఉంటుందయ్యా. ఎక్కు."

నిజం చెప్పడానికి ధైర్యం ఒక్కటే కావాలనుకునేవాడు అతను. వినేవాడు కూడా కావాలని ఆ బస్సులో తెలిసింది. హాల్లో నలుగురూ నవ్వుతారన్న బెంగ లేదు అతనికి. అన్నగారి పక్కన కూర్చున్న భార్య ముఖం ఎలా మారుతుందోననే దిగులంతా.

సంఘం కార్యదర్శి ఏ రికార్డునూ వదిలే రకం కాదు. "సొంత జట్టుపై అత్యధిక గోల్స్, పదిహేడు. దరిదాపుల్లో ఎవరూ లేరు," అని మైకులో చదివాడు. అలవాటు కొద్దీ డిపోవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు.

"సొంత జట్టుపై అంటే?" అన్నాడు బావ. భార్య తల వంచుకుంది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక భారీ మనిషి లేచాడు. ఒకప్పుడు ఎదుటి క్లబ్బు గోల్‌కీపర్, ఇప్పుడు టైలరు. నేరుగా వేదికెక్కి మెకానిక్ చేతులు పట్టుకున్నాడు.

"ఓ ఏడాది మీరు మాకిచ్చిన గోలు లేకపోతే మా క్లబ్బు మూతపడేదండీ. ఇంకో రెండేళ్ళు ఆడాను. పెళ్ళి కుదిరింది ఆ రెండేళ్ళలోనే. మీ ఇల్లు తెలియక ఇన్నాళ్ళూ రాలేదు."

అతని వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. "నా కోచ్ ఉద్యోగం నిలబడింది మీ తల మీదే సార్, తలతో కొట్టిన గోలు కదా అది," అన్నాడొక ముసలాయన. వేదిక మెట్ల దాకా వరస కట్టింది.

ప్రతి బంతీ వల దగ్గరే ఆగిపోయిందని ఇన్నేళ్ళూ అనుకున్నాడు మెకానిక్. అది ఇంతమంది ఇళ్ళ దాకా దొర్లుకుంటూ వెళ్ళిందని ఎవరూ చెప్పలేదు. ఎవరు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియక అందరికీ తనే దణ్ణం పెట్టాడు.

వరస చివర భార్య నిలబడి ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవులు మాత్రం బిగబట్టుకుంది.

"పొద్దున్నుంచీ చెప్పబోయింది ఇదేనా?"

"ఇదే."

"మావారిది పెట్టే చెయ్యని తెలుసు గానీ, పెట్టే కాలని ఇవాళే తెలిసింది," అంది టైలరుకు వినపడేలా. పక్కనున్న బావ మొదట నవ్వి, ఆ తర్వాత అర్థం కనుక్కున్నాడు.

హాలు తలుపులు మూసేలోగా మెకానిక్ పేరున ఒక అభిమాన సంఘం వెలిసింది. సొంత జట్టువాళ్ళు మాత్రం ఎవరూ చేరలేదు.