వనపర్తిలో ఎర్రదీపం ఆరిన విధం

రహదారి భద్రతా వారోత్సవాలను ప్రారంభించడానికి వనపర్తిలో కాంట్రాక్టరు మద్దిలేటి గారిని మించిన అర్హుడు లేడని స్వాగత సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఊళ్లో స్పోర్ట్స్ కారున్నది ఆయనొక్కరికే. సంఘంలో నేనూ సభ్యుణ్ని. చెయ్యెత్తాను.

కారు 2007లో బెంగళూరు నుంచి వచ్చింది, సెకండ్‌హ్యాండుది. రెండే సీట్లు. దాని పొట్ట స్పీడు బ్రేకర్లకు తగులుతోందని తెలిసి, సంబంధిత అధికారులు ప్రజాక్షేమం దృష్ట్యా ఆయన తిరిగే దారిలోని స్పీడు బ్రేకర్లన్నీ తవ్వించేశారు. బడి ముందున్నది కూడా.

వారోత్సవాలకు రెండు రోజుల ముందు స్టీరింగు వెనక ఎర్రదీపం వెలిగింది. పూజారి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. గుమ్మడికాయ కొట్టారు. దీపం వెలుగుతూనే ఉంది. దాని మీద ఆంజనేయస్వామి స్టిక్కరు అంటించారు. స్వామి ఎర్రగా ప్రకాశించారు. కొందరు దండం పెట్టుకున్నారు.

చివరికి ఆశీర్వాదాన్ని పిలిపించారు. ట్రాక్టర్లు, జీపులు బాగుచేసే మెకానిక్. చక్రం విప్పి చూశాడు.

"సారూ, బ్రేకు ప్యాడ్లు మొత్తం అరిగినయ్. లోపల సన్న తీగ ఉంటది. ప్యాడు అరిగితే అది తెగుతది, దీపం ఎలుగుతది. ప్యాడ్లు, తీగ రెండూ మార్చాలె. హైదరాబాద్ నుంచి తెప్పిస్త. పది దినాలు బండి తియ్యకుండ్రి."

"పది దినాలా? ఎల్లుండి ర్యాలీకి నేను ఆటోల పోవాల్నారా?" అన్నారు మద్దిలేటి గారు.

"బండి ఆగదు సారూ. పానాలు పోతయ్."

"నిన్ను పానాల గురించి అడిగిన్నా? దీపం ఆర్పుమన్న. నీ షెడ్డు ఎవరి జాగల ఉందో యాదికుందా?"

ఆశీర్వాదానికి యాదికి ఉంది. తెగిన తీగ కొసలు రెండూ మెలేసి, టేపు చుట్టాడు. దీపం ఆరింది. అందరం చప్పట్లు కొట్టాం. ఈ వైద్యం నాకు కొత్త కాదు. నా భార్య రుక్కమ్మకు ఛాతీలో నొప్పొస్తే దవాఖానకు పోకుండా గోళీ తెచ్చి వేశాను. నొప్పి వెంటనే పోయింది. మూడోనాడు ఆమె పోయింది.

కార్యక్రమం ఇలా నిర్ణయమైంది. బడి ముందు రోడ్డు దిగుడు కింద, దారికి అడ్డంగా, బడిపిల్లలు నినాదాల అట్టలు పట్టుకుని నిలబడాలి. కారు పైనుంచి దిగి వచ్చి సరిగ్గా వాళ్ల ముందు ఆగాలి. ఫొటోలో అందరూ పడాలని పొట్టివాళ్లను ముందు వరుసలో పెట్టారు. మూడో తరగతి చదివే నా మనవరాలు మానస అందులోనే ఉంది.

ఆ ఉదయం పిల్లల ముందు ఒక ట్రాక్టరు ఇసుక పోసి ఉంది. పక్కన ఆశీర్వాదం.

"ఏందిరా గిది? ముఖ్య అతిథి వచ్చే తొవ్వల పోస్తవా?" అన్నాడు సంఘం కార్యదర్శి హన్మంతు.

"జరసేపు ఉండనియ్యన్నా. తర్వాత నేనే ఎత్తుకపోత."

మేము పారలు తెప్పించేలోపే పైన కారు కనపడింది. సగం దిగుడులో ఇనుము మీద ఇనుము రాసుకున్న అరుపు వినిపించింది. ప్రత్యేకమైన హారను కాబోలనుకుని జనం ఈలలు వేశారు. కారు అద్దం దాకా ఇసుకలో దిగబడి ఆగింది. ముందు వరుసకు రెండు బారల దూరం.

మద్దిలేటి గారు మీసాల్లో ఇసుకతో వేదికెక్కారు. "సోదర సోదరీమణులారా! ప్రమాదాలు బండ్లతోని గావు. ఇసోంటి బాధ్యత లేని మనుషులతోని!" అని ఆశీర్వాదం వైపు వేలు చూపించారు. చప్పట్లు మోగాయి.

విచారణ సక్రమంగా జరిగింది. కారులో ఏ దీపమూ వెలగడం లేదు గనుక బ్రేకులు భేషుగ్గా ఉన్నట్టు నమోదైంది. రోడ్డుకు అడ్డంగా ఇసుక పోసినందుకు ఆశీర్వాదం మీద కేసు పెట్టారు. షెడ్డు ఖాళీ చేయించారు. సాక్షి సంతకాల్లో మొదటిది నాది.

సాయంత్రం మానస అడిగింది. "తాతా, ఇసుక లేకుంటే కారు ఏడ ఆగుతుండె?"

సంతకం పెట్టిన పెన్ను జేబులోనే ఉంది. అది చేతికిచ్చి, హోంవర్కు రాసుకోమన్నాను.